సొంతంగా చేసిన ఆర్‌సీ విమానంతోనే ఎగరడం నేర్చుకోవచ్చా?

కొత్తరెక్క
నమస్తే అందరికీ. ఆర్‌సీ విమానాలు, అంటే రేడియో కంట్రోల్‌తో నడిపే చిన్న మోడల్ విమానాలు ఎగరేయాలని చాలా కాలంగా కోరిక. ఇన్నాళ్లూ వీడియోలు చూడటంతోనే సరిపోయింది, ఇక దిగుదామనుకుంటున్నాను. డబ్బా విప్పి రెక్క బిగించి ఎగరేసే రెడీమేడ్ ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల విమానం) కొనడం ఒక దారి. ఫోమ్‌బోర్డ్ తెచ్చి, ప్లాన్ చూసి కోసి, అతికించి సొంతంగా చేసుకోవడం ఇంకో దారి. నా మనసు రెండోదాని మీదే ఉంది. కానీ తెలిసినాయన ఒకరు, "నీకు నడపడం రాదు, కట్టడమూ రాదు. అది పడిపోతే తప్పు చేతిదో విమానానిదో ఎలా తెలుస్తుంది?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. మీరేమంటారు?

సిమ్_సిద్ధు
కొనడం, చేయడం రెండూ తర్వాత బ్రో. ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకునే రిమోట్) తీసుకుని సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో ఎగరేసి నేర్చుకునే ప్రోగ్రామ్) మొదలుపెట్టు. కీబోర్డుతోనో ఫోన్ స్క్రీన్ మీదో ఆడితే లాభం లేదు, మైదానంలో పట్టుకోబోయే ట్రాన్స్‌మిటర్‌నే యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలుపు. విమానం మన నుంచి దూరంగా పోతున్నంతసేపూ ఎవరైనా బాగానే నడుపుతారు. తిరిగి మన వైపు వచ్చినప్పుడే ఉంటుంది అసలు టెన్షన్. కుడికి కొడితే మన కంటికి ఎడమకి పోతుంది. ఆ తికమక ఏదో కుర్చీలో కూర్చున్నప్పుడే తీరిపోవాలి.

ఫోమ్‌వీరుడు
సిద్ధు చెప్పినదానికి ఒక చిట్కా కలుపుతాను. విమానం ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఏది, ఎడమ ఏది అని లెక్కలు వేయకండి. ఏ రెక్క కిందికి వాలిందో చూసి స్టిక్‌ని ఆ వైపుకే నెట్టండి. లెవెల్ అయిపోతుంది.

ఇక మీ ప్రశ్న. ఫోమ్‌బోర్డ్‌తో చేసుకోండి, రెండో ఆలోచన వద్దు. మొదటి విమానం ఎలాగూ పడుతుంది. కొన్నది పడితే స్పేర్ పార్ట్ కోసం ఎదురుచూడాలి. చేసింది పడితే రాత్రికి ఇంకో ముక్కు కోసి అతికించుకోవచ్చు. మోటార్, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించేది), సర్వోలు (కంట్రోళ్లని కదిపే చిన్న మోటార్లు), రిసీవర్ (ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ అందుకునేది) సాధారణంగా బతికే ఉంటాయి, వాటిని కొత్త బాడీలోకి మార్చుకోవడమే. ఒక జాగ్రత్త: థర్మోకోల్ లాంటి తెల్ల ఫోమ్ మీద మామూలు సూపర్ గ్లూ వేయకండి, ఫోమ్‌ని తినేస్తుంది. హాట్ గ్లూ గానీ, ఫోమ్ సేఫ్ అని రాసి ఉన్న జిగురు గానీ వాడండి. హాట్ గ్లూ కూడా ధారాళంగా పోయకండి, బరువంతా అక్కడే చేరుతుంది.

బాల్సా_మావయ్య
మీకు తెలిసినాయన అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబు ఉంది. విమానం ఎగురుతుందా లేదా అనేది మైదానం దాకా వెళ్లి తేల్చుకునే విషయం కాదు, బల్ల మీదే తేలిపోవాలి. బరువెంత, రెక్క వైశాల్యమెంత, సీజీ (విమానం బరువు ముందుకీ వెనక్కీ సమంగా తూగే చోటు) ఎక్కడుంది, రెక్క ఎక్కడైనా మెలి తిరిగిందా, స్టిక్ కదిపితే కంట్రోల్ సరైన దిశలోనే కదులుతోందా. ఇవన్నీ సరిపోతే విమానాన్ని అనుమానించే పని చాలావరకు ఉండదు. మిగిలిన కాస్త అనుమానం తీరడానికి, మొదటిసారి మీరు ఎగరేయకండి. బాగా నడపడం వచ్చినవాళ్ల చేతికివ్వండి. వాళ్లు ట్రిమ్ చేసి (స్టిక్ వదిలినా తిన్నగా పోయేలా సర్ది) మీకిచ్చిన తర్వాత కూడా అది పిచ్చిగా పోతుంటే తప్పు చేతిదే.

డిజైన్ మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. యుద్ధ విమానాల జోలికి వెళ్లొద్దు. రెక్క పైన ఉండాలి, రెక్క చివర్లు కాస్త పైకి లేచి ఉండాలి, అదే డైహెడ్రల్. అయిలరాన్లు (రెక్క వెనకంచున కదిలే పలకలు) లేకుండా మూడు ఛానళ్లు (విడివిడిగా నడిపే కంట్రోళ్లు) చాలు: మోటార్ వేగానికి థ్రాటిల్, ముక్కు పైకీ కిందికీ ఎలివేటర్, పక్కలకి రడ్డర్. రడ్డర్ కొడితే ముక్కు పక్కకి తిరుగుతుంది, గాలి వాలుగా తగులుతుంది, డైహెడ్రల్ వల్ల బయటి వైపు రెక్కకి లిఫ్ట్ (పైకి లేపే బలం) పెరిగి విమానం దానంతటదే వాలి మలుపు తిరుగుతుంది. చేయి వదిలేస్తే మళ్లీ సర్దుకుంటుంది. నేర్చుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

బాల్సా అనే తేలికైన చెక్కతో చేస్తే ఇంకా బాగుంటుందని చెప్పాలనే ఉంది. ఈ కుర్రాళ్లు ఒప్పుకోరు.

ఫోమ్‌వీరుడు
మావయ్య గారూ, ఒప్పుకోం 😀 రిబ్‌లు కోసి, స్పార్ అతికించి, పైన కవరింగ్ ఫిల్మ్ ఇస్త్రీ చేసేసరికి సీజన్ అయిపోతుంది. మొదటి ల్యాండింగ్‌లో అంతా పుల్లలు. బాల్సా కాలం అయిపోయిందండీ.

బాల్సా_మావయ్య
కాలం అయిపోయిందా? 2003 ఆగస్టులో మేనార్డ్ హిల్ బృందం తయారుచేసిన టామ్‌-5 అనే మోడల్ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో బయల్దేరి, అట్లాంటిక్ దాటి ఐర్లాండ్‌లో దిగింది. 38 గంటల 52 నిమిషాలు ఆగకుండా, సుమారు 3,030 కిలోమీటర్లు. ఇంధనంతో కలిపి బరువు 5 కిలోల లోపే. కట్టింది బాల్సాతో, పైన పల్చటి ప్లాస్టిక్ పొర. సముద్రం మీద ఆటోపైలట్ నడిపిందనుకోండి, టేకాఫ్, ల్యాండింగ్ మాత్రం మనుషులే చేశారు. అప్పటికి హిల్ గారి వయసు 77, చూపు దాదాపు పోయింది. వేళ్లతో తడిమి కట్టిన విమానం అది. మీ ఫోమ్‌బోర్డ్‌తో చెరువు దాటించి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

అయినా కొత్తరెక్క గారూ, మొదటిదానికి ఫోమ్‌బోర్డే తీసుకోండి. వీరుడు చెప్పిన మరమ్మతు సంగతి నిజమే.

లిపో_లక్ష్మి
ఎలక్ట్రానిక్స్ గురించి నేను చెబుతాను. ఇందులో తేడా వస్తే విమానం కాదు, వేళ్లు పోతాయి.

ఒక మీటరు రెక్క ఉన్న విమానానికి 2212 సైజు 1000 కేవీ మోటార్, 30 ఆంప్స్ ఈఎస్‌సీ, 9 గ్రాముల సర్వోలు రెండు, 3ఎస్ 2200 (మూడు సెల్స్, 2200 ఎంఏహెచ్) లిపో బ్యాటరీ సరిపోతాయి. కేవీ అంటే కిలోవోల్టులు కాదు, లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకి మోటార్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క. 1000 కేవీకి 11.1 వోల్టులిస్తే సుమారు 11,100 చుట్లు. ప్రాప్ (ప్రొపెల్లర్) మీద 10×4.5 అని ఉంటే వ్యాసం 10 అంగుళాలు, పిచ్ (లెక్క ప్రకారం ఒక్క చుట్టుకి ముందుకెళ్లే దూరం) 4.5 అంగుళాలు. పెద్ద ప్రాప్ వేస్తే థ్రస్ట్ పెరుగుతుంది కదా అని 11, 12 అంగుళాలది బిగించారో, మోటార్ వేడెక్కి కాలిపోతుంది. మోటార్ ఉల్టా తిరిగితే కంగారు పడకండి. మూడు తీగల్లో ఏ రెండింటినైనా అటూ ఇటూ మార్చండి, చాలు.

లిపో బ్యాటరీలో ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు. 3.5 దగ్గర విమానం దించేయండి, 3 కిందికి పోతే సెల్ పాడవుతుంది. 2200 బ్యాటరీని 2.2 ఆంప్స్ దగ్గర బ్యాలన్స్ ఛార్జ్ (సెల్స్ అన్నీ సమంగా నిండేలా) చేయండి. ఛార్జింగ్ పెట్టి బయటికి వెళ్లిపోవద్దు. మంట అంటుకునే వస్తువుల మీద పెట్టవద్దు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడొద్దు. కొన్ని రోజులు ఎగరేయకపోతే సెల్‌కి 3.8 దగ్గర స్టోరేజ్ మోడ్‌లో ఉంచాలి.

ప్రాప్ గురించి ఒకే మాట: సెటప్ చేస్తున్నంతసేపూ ప్రాప్ తీసి పక్కన పెట్టండి. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాతే బ్యాటరీ కనెక్షన్. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ట్రాన్స్‌మిటర్. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటార్ ఆగే ఏర్పాటు) పెట్టాక నేల మీదే పరీక్షించండి, ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే మోటార్ ఆగిపోవాలి. ఆగకపోతే ఆ విమానం ఇల్లు దాటకూడదు.

కొత్తరెక్క
అక్కా, చాలా థ్యాంక్స్, ప్రింట్ తీసి బల్ల ముందు అంటించుకుంటాను. ట్రాన్స్‌మిటర్ మోడ్ 1 తీసుకోవాలా, మోడ్ 2 నా?

లిపో_లక్ష్మి
మీరు ఎగరేయబోయే చోట మిగతావాళ్లు ఏది వాడుతుంటే అదే. మోడ్ 2లో థ్రాటిల్, రడ్డర్ ఎడమ స్టిక్ మీద, ఎలివేటర్, అయిలరాన్ కుడి స్టిక్ మీద ఉంటాయి. మోడ్ 1లో థ్రాటిల్, ఎలివేటర్ అటూ ఇటూ మారతాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని లేదు. కానీ కష్టం వచ్చినప్పుడు పక్కనున్నవాళ్లు మీ ట్రాన్స్‌మిటర్ అందుకుని కాపాడగలగాలి కదా.

బాల్సా_మావయ్య
దీనికే ఇంకోటి. మూడు ఛానళ్ల విమానంలో రడ్డర్‌ని ఎడమ స్టిక్‌కి ఇవ్వకండి. కుడి స్టిక్ మీద, అయిలరాన్ ఉండాల్సిన చోట పెట్టుకోండి. రేపు అయిలరాన్ల విమానానికి మారినప్పుడు మలుపు తిప్పే వేలు అదే ఉంటుంది.

కొత్తరెక్క
కట్టడం పూర్తయింది! సిమ్యులేటర్‌లో ల్యాండింగులు కూడా కుదురుతున్నాయి. వివరాలు పెడుతున్నాను, బల్ల మీద తేల్చండి: రెక్క పొడవు 100 సెం.మీ., వెడల్పు 18 సెం.మీ., బ్యాటరీతో మొత్తం బరువు 620 గ్రాములు, అందులో బ్యాటరీ 180. రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే ముందంచు నుంచి 7 సెం.మీ. దగ్గర బ్యాలన్స్ అవుతోంది. ప్లాన్‌లో సీజీ గుర్తు పెట్టలేదు.

గాలివాటం
బరువు బాగుంది. రెక్క వైశాల్యం 18 చదరపు డెసిమీటర్లు. 620ని 18తో భాగిస్తే చదరపు డెసిమీటరుకి 34 గ్రాములు, ట్రైనర్‌కి పరవాలేదు. కానీ సీజీ అక్కడుంటే ఎగరేయొద్దు!

ఇలాంటి తిన్నని రెక్కకి సీజీ వెడల్పులో 25 నుంచి 30 శాతం మధ్య ఉండాలి. మీ రెక్కకి అది ముందంచు నుంచి 4.5 నుంచి 5.4 సెం.మీ. మీది 7 దగ్గరుంది, అంటే 39 శాతం. తోక బరువు. ముక్కు బరువైతే విమానం మొద్దుగా ఎగురుతుంది, అంతే. తోక బరువైతే ఎలివేటర్ కాస్త తాకగానే ముక్కు ఆకాశానికి లేస్తుంది, మీరు దించబోతే నేలకి గుచ్చుకుంటుంది. మీ సిమ్యులేటర్ ప్రాక్టీసు అక్కడ పనికిరాదు.

5 సెం.మీ.కి తేవాలనుకుందాం. సీజీ 2 సెం.మీ. ముందుకి జరగాలి. 620 × 2 = 1240. దాన్ని బ్యాటరీ బరువు 180తో భాగిస్తే 6.9. అంటే బ్యాటరీని 7 సెం.మీ. ముందుకి జరిపితే సరిపోతుంది, ఒక్క గ్రాము కూడా పెరగదు. చోటు లేక సీసం పెట్టాల్సి వస్తే, సీజీకి 25 సెం.మీ. ముందు ముక్కులో దాదాపు 50 గ్రాములు పెట్టాలి. ఊరికే మోసే బరువు. కాబట్టి బ్యాటరీ అరనే ముందుకి కోయండి.

చూస్తూఉంటా
ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, ఈ లెక్క చూసి లాగిన్ అయ్యాను. గాలివాటం గారూ, దీన్ని పిన్ చేయించండి.

కొత్తరెక్క
ముందు గోడ కోసి బ్యాటరీని జరిపాను. ఇప్పుడు సరిగ్గా 5 సెం.మీ. దగ్గర నిలబడుతోంది. ఎలివేటర్ అటు 12, ఇటు 12 మి.మీ. కదులుతుంది, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో కదలికని మెత్తబరిచే సెట్టింగ్) 30 శాతం పెట్టాను. అక్క చెప్పినట్టు ఫెయిల్‌సేఫ్, రేంజ్ చెక్ (దూరం నుంచి సిగ్నల్ అందుతోందా అని) అయ్యాయి. రిసీవర్ యాంటెన్నాలు రెండూ ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉన్నాయి. ఈ ఆదివారం ఒక సీనియర్ గారి చేతికి ఇస్తున్నాను.

సిమ్_సిద్ధు
ఆల్ ది బెస్ట్ బ్రో. వీడియో లేకపోతే ఎగిరినట్టు ఒప్పుకోం.

కొత్తరెక్క
ఎగిరింది!! సీనియర్ గారు రెండు చుట్లు తిప్పి నా చేతికిచ్చారు, మిగతా బ్యాటరీ అంతా నేనే తిప్పాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. కానీ ఒక సమస్య. సగం థ్రాటిల్ దగ్గర హాయిగా పోతోంది. ఫుల్ చేయగానే ముక్కు పైకి లేచి నిట్టనిలువుగా ఎక్కబోతోంది. థ్రాటిల్ తగ్గిస్తే ముక్కు దింపేస్తోంది. ఏం చేయాలి?

ఫోమ్‌వీరుడు
ఎలివేటర్‌కి డౌన్ ట్రిమ్ నాలుగు క్లిక్కులు.

బాల్సా_మావయ్య
ఆగండాగండి. ఫుల్ థ్రాటిల్ కోసం డౌన్ ట్రిమ్ వేస్తే, ల్యాండింగ్‌కి థ్రాటిల్ మూసినప్పుడు ముక్కు ఇంకా దిగిపోతుంది. రోగం ఒకచోట, మందు ఇంకోచోట. ముందు మోటార్ ఆపి, ఎత్తులోంచి చేతులు వదిలి గ్లైడ్ చేయనివ్వండి. తిన్నగా, నింపాదిగా దిగితే ఎలివేటర్ ట్రిమ్ సరిగ్గానే ఉన్నట్టు, దాన్ని ముట్టుకోకండి. అప్పుడు మోటార్ని కిందికి వంచాలి. మోటార్ మౌంట్‌లో పైన ఉన్న రెండు స్క్రూల వెనక పల్చటి వాషర్లు పెడితే షాఫ్ట్ రెండు మూడు డిగ్రీలు కిందికి చూస్తుంది. థ్రాటిల్ పెంచినప్పుడు అదే ముక్కుని అదిమి పడుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఎడమకి కూడా లాగుతుంటే కుడి వైపుకీ కాస్త వంచండి.

గాలివాటం
మావయ్య గారితో ఏకీభవిస్తూనే, వాషర్ పెట్టే ముందు ఇంకో పరీక్ష చేయమంటాను. మంచి ఎత్తులో మోటార్ ఆపి, ముక్కుని 30 డిగ్రీలు దించి ఎలివేటర్ వదిలేయండి. గబుక్కున పైకి లాక్కుంటే సీజీ మరీ ముందుకి ఉన్నట్టు. ముక్కు బరువుని మోయడానికి అప్ ట్రిమ్ వేసి ఉంటారు, వేగం పెరిగేకొద్దీ ఆ ట్రిమ్ బలం పెరుగుతుంది, మీ సమస్యకి సగం కారణం అదే కావచ్చు. ముక్కు ఇంకా కిందికి పోతుంటే తోక బరువు, వెంటనే చేతిలోకి తీసుకోండి. మెల్లగా దానంతటదే లేస్తే సీజీ సరిగ్గా ఉంది, అప్పుడు వాషర్లే మందు.

కొత్తరెక్క
రెండూ చేశాను. డైవ్‌లో వదిలేస్తే మెల్లగా లేచింది, అంటే సీజీ బాగానే ఉంది. గ్లైడ్ కూడా తిన్నగా ఉంది. వాషర్లు పెట్టాక ఇప్పుడు ఫుల్ థ్రాటిల్‌లో మర్యాదగా ఎక్కుతోంది.

నిన్న గాలి ఎక్కువగా ఉంది. గాలికి ఎదురుగా పోయి, గాలి వాలుకి మలిచినప్పుడు విమానం ఒక్కసారిగా జారి పడింది. ముక్కు నలిగింది, అంతే. గాలి వెనక నుంచి వస్తే లిఫ్ట్ పోతుందా?

ఫోమ్‌వీరుడు
అవును, గాలి వీపున తగిలితే రెక్క మీద గాలి వేగం తగ్గుతుంది. అందుకే వాలుకి తిరిగేటప్పుడు థ్రాటిల్ పెంచాలి.

గాలివాటం
వీరుడు గారూ, మీతో తగువు పెట్టుకోక తప్పదు. గాలి మొత్తం కలిసి కదులుతోంది, విమానం ఆ గాలి లోపలే ఉంది. నడుస్తున్న రైల్లో పెట్టె మధ్యలో అటు నుంచి ఇటు తిరిగి నడిస్తే మీకు అడుగు తేడా తెలుస్తుందా? విమానానికీ అంతే. దాని వేగం గాలితో పోల్చినదే.

మోసపోయేది మన కన్ను. విమానం వేగం సెకనుకి 10 మీటర్లు, గాలి 5 మీటర్లు అనుకుందాం. ఎదురుగా పోతున్నప్పుడు నేల మీద 5 కనిపిస్తుంది, వాలుకి తిరగగానే 15. మూడు రెట్లు! "అబ్బో, దూసుకుపోతోంది" అని మనం థ్రాటిల్ తగ్గిస్తాం, లేదా ఎలివేటర్ లాగుతాం. నిజంగా విమానానికి ఉన్నది 10 మాత్రమే. అది కూడా తగ్గి, మలుపులో స్టాల్ అయి (రెక్కకి లిఫ్ట్ చాలక) పడుతుంది.

ఫోమ్‌వీరుడు
రైలు పోలిక బాగుంది. కానీ థ్రాటిల్ పెంచితే నా విమానాలు పడట్లేదు కదా?

గాలివాటం
పడవు. ఎందుకంటే వేగం పెరిగితే ఏ మలుపులోనైనా స్టాల్‌కి దూరంగా ఉంటారు. మందు పనిచేస్తోంది, మీరు చెప్పిన కారణమే వేరు.

బాల్సా_మావయ్య
నేలకి దగ్గరలో మాత్రం వీరుడి భయంలో కొంత నిజం ఉంది. నేల దగ్గర గాలి నెమ్మదిగా వీస్తుంది, పైన జోరుగా ఉంటుంది. ఎదురుగాలిలోకి ల్యాండింగ్‌కి దిగుతూ వస్తే, ఆ జోరు తగ్గేకొద్దీ విమానం గాలివేగం కూడా కొంత పోతుంది. కాబట్టి గాలి ఉన్న రోజు కాస్త వేగంతోనే దించండి. రన్‌వే దాకా రాదేమో అనిపిస్తే ఎలివేటర్ లాగకండి, థ్రాటిల్ ఇవ్వండి. ఎత్తు కావాలంటే థ్రాటిల్. ఎలివేటర్‌తో ఎత్తు సాగదీద్దామని చూసినవాళ్ల విమానాలు ప్రహరీ అవతల దొరుకుతాయి.

కొత్తరెక్క
అర్థమైంది. నిన్న నేను లాగింది ఎలివేటరే. ముక్కు అతికించేశాను. ఇక అయిలరాన్లతో రెండో విమానం కట్టాలనుంది. అదే ఎలక్ట్రానిక్స్, తక్కువ డైహెడ్రల్. అయిలరాన్లకి ఒక సర్వో చాలా, రెండా?

ఫోమ్‌వీరుడు
ఒకటి మధ్యలో పెట్టి రెండు పుష్‌రాడ్లు లాగితే తేలిక. ఫోమ్‌బోర్డ్‌కి అది చాలు.

లిపో_లక్ష్మి
రెండు పెట్టండి, వాటిని వై-కేబుల్‌తో కలపకుండా రిసీవర్‌లో రెండు వేర్వేరు ఛానళ్లకి ఇవ్వండి. కిందికి దిగే అయిలరాన్ ఎక్కువ డ్రాగ్ (గాలి నిరోధం) పుట్టించి ముక్కుని మలుపుకి ఎదురుగా లాగుతుంది. వేర్వేరు ఛానళ్లుంటే ట్రాన్స్‌మిటర్‌లోనే డిఫరెన్షియల్ పెట్టి, పైకి లేచేది ఎక్కువ, కిందికి దిగేది తక్కువ కదిలేలా చేయొచ్చు. మీ రిసీవర్ ఎన్ని ఛానళ్లదో చెప్పండి, కనెక్షన్ బొమ్మ గీసి పెడతాను.

కొత్తరెక్క
ఆరు ఛానళ్లది అక్కా.

లిపో_లక్ష్మి
అయితే చోటు మిగిలి ఉంది. రెండో అయిలరాన్ 5కో, 6కో ఇవ్వండి, మీ ట్రాన్స్‌మిటర్ మెనూలో ఏది అడిగితే అది. రాత్రికి బొమ్మ పెడతాను. అప్పటిదాకా ప్రాప్ బిగించకండి.